పోసవ్వ పెట్టెలోని గొంగడి

బాన్సువాడలో పిట్లం వైపు పోయే రోడ్డు మీద, బస్సులు ఆగే చోటికి దగ్గర్లోనే, పోసవ్వ కల్లు దుకాణం ఉండేది. దుకాణం వెనుక వరుసగా ఆరు గదులు. చివరి బస్సు తప్పినవాళ్లు, వారపు అంగడికి ముందురోజే చేరినవాళ్లు, మద్నూర్ మీదుగా వచ్చే లారీల్లోంచి దిగినవాళ్లు అక్కడ కిరాయికి దిగేవాళ్లు. పడుకోవడానికి వచ్చి కల్లు తాగినవాళ్లు ఎందరో, కల్లు తాగడానికి వచ్చి పడుకోవలసి వచ్చినవాళ్లూ అందరే. రెండు వ్యాపారాలు ఒకదాన్నొకటి ఇంత మర్యాదగా పోషించుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

హైస్కూలుకు పంతులుగా బదిలీ మీద వచ్చినప్పుడు, ఇల్లు దొరికేదాకా అనుకుని నేనూ నాలుగో గదిలో దిగాను. ఇల్లు దొరకడానికి కొన్నేళ్లు పట్టింది. వెతకడం బాగా ఆలస్యంగా మొదలుపెట్టడమే అందుకు కారణం.

పోసవ్వకు అప్పటికి యాభై దాటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. లొట్టి మూత తీయకుండానే వాసన చూసి కల్లు ఏ చెట్టుదో చెబుతుందని పేరు. అది నిజమో కాదో పరీక్షించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆమె దుకాణంలో ఒక ఆచారం ఉండేది. సాయంత్రం మొదటి లొట్టి మూత తీయాలంటే అంతకుముందు ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి రావాలి. ఆ కొత్తమనిషి చేతిలో మొదటి ముంత పెట్టాలి. అతను ఎల్లమ్మ పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు సాక పోయాలి. ఆ తర్వాతే మిగతా లోకానికి కల్లు. కొత్తమనిషి రాకపోతే దీపాలు పెట్టేదాకా అందరూ నోరు కట్టుకుని కూర్చోవలసిందే.

ఈ నియమం వల్ల బాన్సువాడలో కొత్తవాళ్లకు దక్కిన గౌరవం అంతా ఇంతా కాదు. కాలువ కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన జగన్మోహనరావు ఇంటికి గోదావరి వైపు నుంచి చుట్టం ఎవరు వచ్చినా, బస్సు దిగిన వెంటనే పెట్టెతో సహా నేరుగా దుకాణానికి తెచ్చేవారు. పాపం ఆ చుట్టం, కాళ్లు కడుక్కోకుండానే దేవతకు సాక పోసి, ముప్ఫైమంది చేత దీవెనలు పొంది, ఈ ప్రాంతపు మనుషులు ఇంత ఆదరంగా ఉంటారని ఇంటికి ఉత్తరం రాసేవాడు. ఒకసారి దగ్గర్లోని లంబాడీ తండాకు చెందిన తారాచంద్ మీసం తీయించుకుని, తలకు రుమాలు చుట్టి, పొరుగూరివాడిలా నడుస్తూ వచ్చాడు.

“మీసం కొత్తగ పోయింది గాని మనిషి పాతోడే,” అంది పోసవ్వ. “కూసో.”

అందరికంటే ఎక్కువ సణిగేవాడు సోమ్లా. పెద్ద కొడప్‌గల్ దిక్కు తండా అతనిది. సన్నగా, నల్లగా, పొట్టిగా ఉండేవాడు. అంగడి అంగడికీ బండి కట్టుకుని వచ్చేవాడు. భార్య ధర్మి సరుకులన్నీ కొని బండి దగ్గర నిలబడేలోగా తన ముంత తాగేసి వెళ్లాలని అతని తాపత్రయం.

“మొన్నటికి మొన్న మా అల్లున్ని దెచ్చిన. ఇయ్యాల యాడికెల్లి తేవాలక్కా కొత్తోన్ని? పుట్టించాల్నా?”

“పుట్టిస్తే పాలు దాగుతడు గాని కల్లు దాగుతడా? ఆగరాదు జర.”

“ఏమమ్మా పోసవ్వా, ఆ లొట్టి అలాగే ఉంటే మరీ పులిసిపోదూ?” అని జగన్మోహనరావు సోమ్లాకు మద్దతు పలికేవారు.

“పులవనీ రావుగారు. పులిసిందే మంచిగుంటదని నిన్న మీరే అంటిరి.”

ఈ ఆచారానికి ఒక కారణం ఉంది. అది అక్కడికి వచ్చిన ప్రతివాడికీ మొదటి ముంతతోపాటే అందేది.

పోసవ్వ భర్త సాయాగౌడ్ కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. అరవైతొమ్మిదిలో ఒక తెల్లవారుజామున కాలువ గట్టు దగ్గర తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఎంతసేపు పడి ఉన్నాడో తెలియదు. ఆ దారిన పోతున్న ఎవరో అతన్ని బండిలో వేసుకుని, తన ఉన్ని గొంగడి అతని కింద పరిచి, దవాఖానకు తెచ్చి దించాడు. కబురు తెలిసి పోసవ్వ పరుగెత్తుకొచ్చేసరికి సాయాగౌడ్ ఉన్నాడు, నెత్తురంటిన గొంగడి ఉంది, తెచ్చినవాడు లేడు. ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు.

సాయాగౌడ్ బతికాడు. నడుము కింద పనిచేయలేదు. చెట్టెక్కడం పోయింది కనుక దుకాణం వెనుక గదులు కట్టించాడు. తానిక ఎక్కడికీ పోలేడు కాబట్టి, పోయేవాళ్లే తన దగ్గర ఆగాలని అతని లెక్క. వసారాలో మంచం వేయించుకుని, వచ్చిన ప్రతివాడికీ తన చేతులతో ముంత అందించేవాడు. తనను మోసుకొచ్చింది ముక్కూ మొగం తెలియని మనిషి కాబట్టి మొదటి ముంత ముక్కూ మొగం తెలియని మనిషికే అని నియమం పెట్టింది అతనే. ఎప్పటికైనా అలా వచ్చినవాళ్లలో తన మనిషి ఉండకపోతాడా అనేది లోపలి ఆశ. డెబ్బై ఐదులో పోతూ పోతూ పోసవ్వ చేయి పట్టుకుని, “గాయన గొంగడి గాయనకియ్యి. గదొక్కటే నా మీద బాకి ఉన్నది,” అన్నాడు.

పోసవ్వ ఆ గొంగడిని దవాఖాన నుంచి తెచ్చిన నాడే ఇనప్పెట్టెలో వేపాకుల మధ్య పెట్టింది. ఏడాదికోసారి, ఎవరూ లేని పొద్దున చూసి ఎండలో ఆరబెట్టి, మళ్లీ పెట్టెలోనే. గొంగళ్లు నేసేది కురుమలు కాబట్టి పోసవ్వ చుట్టుపక్కల కురుమవాడలన్నీ తిరిగింది. లాభం లేకపోయింది. మొగుడు పోయినప్పటి నుంచి, దిగిన ప్రతి కొత్తమనిషినీ, సాక పోశాక, ఒకే మాట అడిగేది: “ఎప్పుడన్న చెట్టు మీదికెల్లి పడ్డోన్ని దవాఖానల ఏసినవా బిడ్డా?” కొందరు భయపడి ముంత దించేసేవాళ్లు.

పోతే, కథ అన్నాక పెరగాలి. సాయాగౌడ్ ఆనాడు సగం స్పృహలో, నేల మీద వెల్లకిలా పడి చూశాడు. అలా చూస్తే ఎవరైనా పొడుగ్గానే కనిపిస్తారు. అందుకని మొదట్లో ఆ మనిషి పొడుగాటి మనిషి. రెండేళ్లకు ఆరడుగులయ్యాడు. నేను చేరేనాటికి ఏడడుగులు దాటి, పచ్చటి దేహచ్ఛాయ సంపాదించుకున్నాడు. బండికి తెల్లటి ఒంగోలు ఎడ్లు జగన్మోహనరావు కట్టారు. ఎడ్ల మెడలో గంటలు ఎవరు కట్టారో తెలియదు. గొంగడి కూడా వెనకబడలేదు. చూసినవాళ్లు లేరు కనుక అది క్రమంగా శాలువా అయింది. ఈ కథను సాయాగౌడ్ నోటే వింటూ అందరికంటే ఎక్కువగా తల ఊపింది సోమ్లా. “మనిషంటే గట్లుండాలె,” అనేవాడు ప్రతిసారీ.

డెబ్బై ఎనిమిది పుష్యమాసంలో ఒక అంగడి నాటి సాయంత్రం. కొత్తమనిషి రాలేదు. సోమ్లా రోడ్డుకేసి, రావుగారు లొట్టికేసి చూస్తున్నారు. అప్పుడు మద్నూర్ వైపు నుంచి వచ్చిన లారీ ఆగి ఒక తెల్లవాణ్ణి దించింది. భుజాలదాకా జుట్టు, గడ్డం, ఒంటి మీద కాషాయం లాంటి చొక్కా. వీపు మీద తనంత సంచి, దానికి వేలాడుతూ ఒక సత్తు గిన్నె. హైదరాబాదు పోవాలట. లారీవాడు ఇక్కడిదాకే అన్నాడట.

అతన్ని చూడగానే తండావాళ్లు సాధువనుకుని లేచి నిలబడ్డారు. జగన్మోహనరావు మాత్రం, వరి వంగడాల మీద పరిశోధనకు వచ్చిన నిపుణుడని ఖాయం చేసుకుని, కాండం తొలిచే పురుగు గురించి వివరంగా మొరపెట్టుకున్నారు. అతను ఓపిగ్గా విని తల ఊపాడు. ఈ దేశంలో ఏ నిపుణుడూ అంతకంటే ఎక్కువ చేసింది లేదు. దేశం పేరు అడిగితే మూడుసార్లు చెప్పాడు. అది ఇంగ్లండుకు పక్కనే ఎక్కడో ఉంటుందని తీర్మానించి మేం ఊరుకున్నాం.

పోసవ్వ ముంత చేతికిచ్చి, నేల చూపించి, పోయమని సైగ చేసింది. అతను భక్తితో ముంత మొత్తం నేల మీద వంచేశాడు. ఎల్లమ్మకు ఆ దుకాణంలో అంత నిండు వాటా అదివరకెన్నడూ దక్కలేదు.

“గింత భక్తి మాలో ఎవ్వలికి లేదు,” అన్నాడు సోమ్లా, నేల పీల్చుకుంటున్న కల్లును దిగులుగా చూస్తూ.

రెండో ముంత సగంలో ఉండగా అతనికి వణుకు పుట్టింది. చలి అనుకున్నాం. తర్వాత పళ్లు కొట్టుకోవడం వినిపించింది. రెండో గదిలో పడుకోబెట్టి, నేను వెళ్లి దవాఖాన కాంపౌండరును తీసుకొచ్చాను. ఆయన నాడి చూసి, చలిజ్వరం అని చెప్పి, గోలీలు మింగించి, బాగా కప్పమన్నాడు. అంగడి రోజు కనుక గదులన్నీ నిండి ఉన్నాయి. ఉన్న దుప్పట్లు పోగు చేసి కప్పాం. ఆ కుప్ప కిందినుంచి మంచం ఇంకా గజగజలాడుతూనే ఉంది.

పోసవ్వ కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత వసారాలోకి వెళ్లి, సాయాగౌడ్ మంచం కింది పెట్టె బయటికి లాగింది. అందరం చూస్తున్నాం. తాళం తీసింది కాని మూత ఎత్తలేదు.

“పోసవ్వా, అది మనది కాదు గదమ్మా,” అన్నారు రావుగారు మెల్లగా. “ఇన్నేళ్లు దాచావు. దానికేమన్నా అయితే, రేపు ఆ మహానుభావుడు వచ్చి అడిగితే ఏం చెబుతావు?”

ఆ భయం పోసవ్వకూ ఉంది. ఆమె చేతిలో మొగుడి మాట ఒక్కటే మిగిలింది, అది ఆ పెట్టెలో ఉంది.

“గాయన గీడుంటే ఏం జేస్తుండె?” అంది. “కప్పుతుండె. వణికెటోన్ని జూసుకుంట పెట్టెల వెట్టుకోని కూసున్ననంటే గాయన నా మొకాన ఉమ్మడా?”

మూత ఎత్తింది. శాలువా బయటికి రాలేదు. ముతక నల్ల గొంగడి వచ్చింది. ఒక మూల అరచెయ్యంత అతుకు. ఎర్రటి గుడ్డ ఇటుకరంగుకు తిరిగింది. ఇన్నేళ్లు మేం కాపాడుకొచ్చిన కథ ఆ గొంగడిని చూసి కొంచెం సిగ్గుపడినట్టే అనిపించింది. పోసవ్వ దాన్ని దుప్పట్ల మీద పరిచి, అంచులు కాళ్ల కింద దోపింది.

బండి దగ్గర నిలబడి నిలబడి విసిగిపోయిన ధర్మి అప్పుడే వచ్చింది. ఆమె ఎప్పుడూ దుకాణం గడప దాటేది కాదు. రోడ్డు మీది నుంచే సోమ్లాను పిలిచేది, ఆ పిలుపుకు గదుల్లోవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. ఆరోజు మాత్రం లోపల సాధువుకు బాగాలేదని విని, దండం పెట్టుకుందామని వచ్చింది. మంచం దగ్గరికి వెళ్లి, కాళ్లు ముట్టుకోవడానికి వంగింది. వంగిన మనిషి అట్లాగే ఉండిపోయింది. భక్తి అనుకున్నాం. ఆమె కళ్ల ముందు ఆ అతుకు ఉంది.

లేచి, మొగుణ్ణి పేరు పెట్టి పిలవని మనిషి, పేరు పెట్టి పిలిచింది.

“సోమ్లా. గిదేంది?”

“గొంగడి.”

“ఎవలది?”

“పోసవ్వక్కది. అంటే అక్కది గాదు. ఎవలో పెద్దాయనది.”

“నా పెండ్లి లంగ అంచు చింపి ఏసిన అతుకు నేను గుర్తు వట్టనా? గా చలికాలమంత పిల్లలు ఒక్క బొంతల ముడుసుకోని పండిరి. చెట్టు మీదికెల్లి పడ్డోని కింద పరిచిన అంటివి. దవాఖానల ఇడిసివెట్టిన అంటివి. కల్లుకు కుదువ వెట్టినవ్ అని నేను గా దినమే అన్న.” ఆమె మా అందరివైపు తిరిగింది. “జూడుండ్రి. కల్లు దుకాణంలనే ఉన్నది.”

సాక్ష్యం తిరుగులేనిది. ధర్మి తమ భాషలో ఇంకొంత చెప్పింది. భాష తెలియనివాళ్లకూ అర్థమైంది.

పోసవ్వ ఆమె చేయి పట్టుకుంది. “ఆగు చెల్లె. ఏమన్నడన్నవ్? చెట్టు మీదికెల్లి పడ్డోడా?” తర్వాత సోమ్లావైపు తిరిగింది. “ఏ చెట్టు?”

“తాడిచెట్టే. కాలువ గట్టు కాడ.”

“వాని మోకు ఏం జేసినవ్?”

చెట్టెక్కేటప్పుడు కల్లు గీసేవాడు నడుముకు బిగించుకునే తాడు అది. దాని సంగతి కథలో లేదు. రావుగారు కూడా చేర్చలేదు.

“నడుముకుండె. బిగుసుకోని ఊపిరాడకుండె. ఇప్పి, సుట్ట జుట్టి, తలకాయ కింద వెట్టిన,” అన్నాడు సోమ్లా. “ఎందుకక్కా?”

దవాఖానలో సాయాగౌడ్ తల కింద ఆ మోకు చుట్టను చూసింది పోసవ్వ ఒక్కతే. ఆమె గడప మీద కూర్చుంది. లోపల మంచం వణుకుడు కొద్దిగా నెమ్మదించింది.

“ఇన్నేండ్లు గీడ్నే కూసోని తాగుతివి,” అంది చివరికి. “ఒక్క మాట అనకపోతివేంది సోమ్లా?”

“ఏమని అందు అక్కా? గాయన ఏడడుగులంటిరి. తెల్లటి ఎడ్లంటిరి. శాలువ అంటిరి. నాది మా తండా లాల్‌సింగ్ కాడ అడుక్కొచ్చిన కుంటి దున్నపోతు. పొద్దుగాల్ల మల్ల అప్పజెప్పాలని ఉరికిన. మొకమంత నెత్తురుండె, మనిషిని గుర్తువట్టలె. నేను దెచ్చినోడు వేరేటోడనుకున్న. వాడు బతికిండో లేదో గూడ నాకెర్క లేదు.” ఆగాడు. అప్పుడు తట్టినట్టుంది. “అయితే గాయన బతికిండా?”

“ఆరేండ్లు బతికిండు. నీకు ముంత అందించింది గాయననే.”

సోమ్లా వసారాలోని ఖాళీ మంచం వైపు చూశాడు. ఎన్ని అంగళ్లు ఆ మంచం పక్కన కూర్చుని, ఆ చేతి నుంచే ముంత అందుకుని, తన కథే విని, మనిషంటే గట్లుండాలె అన్నాడో లెక్కలేదు. రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“అయితే కుదువ వెట్టలేదా?” అంది ధర్మి. ఆ గొంతులో కొంచెం నిరాశ ఉంది. తొమ్మిదేళ్ల పాటు ప్రతి తగవులోనూ గెలిపించిన మాట ఒక్క సాయంత్రంలో చేజారిపోవడం ఎవరికైనా కష్టమే.

పోసవ్వ లేచి ఆమె రెండు చేతులూ తన కళ్లకద్దుకుంది. “కుదువ గాదు చెల్లె. నీ పిల్లలు చలికి పండినందుకు నా మొగడు బతికిండు. గొంగడి పరిచినాయనకు దండం వెట్టుడు తెలుసు గాని, నీకు వెట్టాల్నని నాకిన్నేండ్లు ఎర్కలేకపాయె.”

మాట తోచనప్పుడు పని చేసే మనిషి కాబట్టి ధర్మి మంచం దగ్గరికి వెళ్లి, గొంగడి అంచు తెల్లవాడి గడ్డం కిందిదాకా లాగి సర్దింది. తన వస్తువును ఆ పూట అడిగే వీలు లేదని ఆమెకూ తెలుసు. అలా సోమ్లా రెండోసారి కూడా, రోగి దగ్గర గొంగడి వదిలేసి, చలిలో బండి తోలుకుంటూ ఇంటికి పోయాడు. ఈసారి భార్య పక్కన ఉంది, తిట్టలేదు. అది అతనికి చలికంటే ఎక్కువ ఇబ్బంది కలిగించి ఉంటుంది.

తెల్లవాడు కొన్నాళ్లకు కోలుకున్నాడు. తన మీద ఏమి కప్పారో, ఎందుకు కప్పారో అతనికి చెప్పగలిగేంత ఇంగ్లీషు నా దగ్గర ఉంది కాని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వెళ్లేనాడు గొంగడిని పొందికగా మడిచి, పోసవ్వ చేతిలో పెట్టి, వంగి దండం పెట్టాడు. నేర్పినట్టే ఎల్లమ్మకు సాక పోశాడు. ఈసారి నాలుగు చుక్కలే.

మరుసటి అంగడికి పోసవ్వ గొంగడి ఉతికి, ఒక మూల పసుపు రాసి, సోమ్లాను సాయాగౌడ్ మంచం మీద కూర్చోబెట్టి, గొంగడిని ధర్మి ఒడిలో పెట్టింది. సోమ్లాకు ఇక ముందు కల్లు ఊరికే పోస్తానని కూడా అంది. ధర్మి ఒప్పుకోలేదు.

“పైసలు దీసుకో అక్కా. లేకుంటే ఇగ తండా మొకం జూడడు.”

జగన్మోహనరావు లేచి, ఇన్నాళ్లూ వెతుకుతున్న మహానుభావుడు దొరికాడు కాబట్టి, కొత్తమనిషి కోసం కాచుకునే ఆచారాన్ని సగౌరవంగా రద్దు చేసి, మొదటి ముంత సోమ్లాకే ఇవ్వాలని ప్రతిపాదించారు. అప్పటికి లొట్టి వచ్చి చాలాసేపైంది. అందరూ బలపరిచారు. పోసవ్వ ముంత నింపి అందించింది. సోమ్లా తీసుకోలేదు.

“నేను పాతోన్ని గదక్కా. గా దినం నేనెవలో ఎర్కలేకుండె గాబట్టే గీ మొదటి ముంత పద్ధతి నడిసింది. ఇయ్యాల గూడ ఎవలన్న రానీ. జూద్దాం.”

ఎన్నో ఏళ్లు ఆ నియమం మీద విసుక్కున్నవాడు ఆ మాట అనేసరికి కాదనే మొహం ఎవరికీ లేకపోయింది. పిట్లం బస్సు వచ్చేదాకా నోరు కట్టుకుని కూర్చున్నాం. అందులోంచి అల్యూమినియం గిన్నెలమ్మే ముసలాయన ఒకడు దిగాడు. మేమంతా లేచి నిలబడి స్వాగతం చెప్పిన తీరుకు ఆయన గిన్నెల గంప కింద పడేసుకున్నాడు.

నేనా ఊరు వదిలి చాలాకాలమైంది. ముక్కూ మొగం తెలియని నాకు నాలుగో గదీ, మొదటి ముంతా ఇచ్చిన ఆ ఇంటికి నేను ఇచ్చింది ఏమీ లేదు, ఈ నాలుగు మాటలు తప్ప. వెళ్లేముందు చూసిన ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ వచ్చే చలికాలం, ఒక అంగడి నాడు ధర్మి చంకలో మూటతో గడప దాటి లోపలికి వచ్చింది.

“ఇంట్ల ఎలుకలు కొరుకుతున్నయక్కా,” అంది, పోసవ్వ కళ్లలోకి చూడకుండా. “గీడ్నే ఉండనీ. ఎవలన్న చలికి దిగుతే కప్పు. పెట్టెల మాత్రం వెట్టకు.”

రెండో గదిలో మంచం మీద గొంగడి పరిచి, అతుకున్న మూల పైకి కనబడేలా మడిచి, వెళ్లిపోయింది. అంతకాలం సోమ్లా మీద మోపిన నేరాన్ని చివరికి ధర్మి తన చేతులతో తానే చేసింది. వసారాలో ముంత పట్టుకుని కూర్చున్న సోమ్లా ఆమె రోడ్డెక్కేదాకా ఆగి, మా అందరికీ వినబడేలా చెప్పాడు.

“జూసిండ్రా. గొంగడిని కల్లు దుకాణంల ఇడిసివెట్టి పోతున్నది.”